వాతావరణ బులెటిన్‌కి రేడియో స్క్రిప్టు: సూచన మారకూడదు, వినేవాళ్లకి మాత్రం తెలియాలి. ఎలా రాస్తారు?

బెజవాడ బులెటిన్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం అండి. ఈమధ్యే ఒక ప్రాంతీయ రేడియోలో కాంట్రాక్టు మీద స్క్రిప్టులు రాసే పనిలో చేరాను. సాయంత్రం వార్తలయ్యాక వచ్చే రెండు నిమిషాల వాతావరణం నాకు అప్పగించారు. వాతావరణ శాఖ అమరావతి కేంద్రం ఇచ్చే బులెటిన్ ముందు పెట్టుకుని దాన్ని చదివే మాటల్లోకి మార్చాలి. చెప్పడానికి ఇంతే, కానీ రోజూ ఆ సమయానికి టెన్షన్ మొదలవుతోంది.

డిసెంబర్ అల్పపీడనం వచ్చిందంటే నేను రాసేది దాదాపు ఇలా ఉంటుంది (ఉదాహరణకి మాత్రమే, ఏ రోజు సూచనా కాదు):

"నైరుతి బంగాళాఖాతంలో ఏర్పడిన అల్పపీడనం, దానికి అనుబంధంగా ఉన్న ఉపరితల ఆవర్తనం సగటు సముద్ర మట్టానికి 5.8 కిలోమీటర్ల ఎత్తు వరకు విస్తరించి, ఎత్తుకు వెళ్లే కొద్దీ నైరుతి దిశగా వంగి ఉంది. దీని ప్రభావంతో రాగల 24 గంటల్లో దక్షిణ కోస్తాలో అనేక చోట్ల, రాయలసీమలో కొన్ని చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు, నెల్లూరు, తిరుపతి జిల్లాల్లో ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు, ఉత్తర కోస్తాలో పొడి వాతావరణం ఉండే అవకాశం ఉంది. తీరం వెంబడి గంటకు 45 నుంచి 55, అప్పుడప్పుడు 65 కిలోమీటర్ల వేగంతో గాలులు వీస్తాయి కనుక మత్స్యకారులు వేటకు వెళ్లరాదు."

తప్పేమీ లేదు. కానీ స్టేషన్‌కి ఫోన్ చేసేవాళ్లు మాత్రం బులెటిన్ అయిపోయాక కూడా అడిగేది ఒకటే, మా వైపు వానుందా, ఎప్పుడు పడుతుంది, ధాన్యం ఆరబెట్టుకోవచ్చా. అంటే నేను రాసింది వాళ్లకి చేరలేదనే కదా. సులభం చేద్దామని కూర్చుంటే, ఏ మాట తీసేస్తే సూచన మారిపోతుందోనని భయం. "ఒకటి రెండు చోట్ల" తీసేస్తే జిల్లా అంతా హడలిపోతుంది, ఉంచితే అది మా ఊరికి కాదులే అనుకుంటారు. ఇంకోటి, టైమ్ తక్కువైనప్పుడు చివర్లో ఉన్న మత్స్యకారుల హెచ్చరికే ముందు కోతపడుతోంది, అది నాకసలు నచ్చడం లేదు. ఈ పని చేసినవాళ్లు, లేదా రోజూ వినేవాళ్లు, ఎలా ఉండాలో చెప్పండి.

---

పాత మైక్

అమ్మా, మీరు రాసింది ఆఫీసు ఫైల్లో పెట్టడానికి బాగుంటుంది. గాలిలో వినేదానికి వరస తిరగేయాలి. మీ స్క్రిప్టు సముద్రంలో మొదలై, ఆకాశంలో 5.8 కిలోమీటర్లు ఎక్కి, చివరికి మనుషుల దగ్గరికి వస్తోంది. అప్పటికి వినేవాడు లేచి వెళ్లిపోయాడు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత, ఏం చేయాలి, ఈ నాలుగూ ముందు రావాలి. ఎందుకు అనేది చివర్లో ఒక్క వాక్యం, టైమ్ లేకపోతే అదే పోవాలి. కోతపడే భాగం ఎప్పుడూ చివరిదే కాబట్టి, పోయినా నష్టం లేనిదాన్ని చివర్లో పెట్టుకోవడం రాసేవాళ్ల చేతిలో ఉన్న పని. ఎడిటర్‌తో గొడవపడక్కర్లేదు.

ఆవర్తనం, అంటే పైన తిరిగే గాలి సుడి, దాని ఎత్తు, అది ఏ దిక్కుకి వంగిందీ మొత్తం తీసేయండి, ఆ లెక్క అవసరమైనవాళ్లు అసలు బులెటినే చదువుకుంటారు. ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం లాంటి దిక్కులు మాత్రం భయపడకుండా వాడండి. ఇంటి వాస్తు పుణ్యమా అని మనవాళ్లకి ఈ మూలలు బాగా తెలుసు. "మచిలీపట్నానికి ఆగ్నేయంగా 350 కిలోమీటర్ల దూరంలో" అంటే పల్లెలో కూడా తెలుస్తుంది. అక్షాంశాలు, రేఖాంశాలు చదివితే ఎవరికీ తెలియదు.

సమయం దగ్గర ఒక మెలిక ఉంది, కొత్తవాళ్లు గమనించరు. మధ్యాహ్నం వచ్చే బులెటిన్‌లో మొదటి రోజు అంటే మరుసటి ఉదయం 8:30 దాకా. మీరు చదివేది సాయంత్రం. అప్పుడు "ఈరోజు" అంటే అయిపోయిన రోజు, "రాగల 24 గంటలు" అంటే ఎప్పటి నుంచి ఎప్పటిదాకానో ఎవరూ లెక్క కట్టుకోరు. "ఈ రాత్రి, రేపు పొద్దున్న ఎనిమిదిన్నర వరకు" అని విడమర్చి, తర్వాత "రేపు పగలు, రేపు రాత్రి" అని రెండో రోజు సూచన చదవండి. నమోదైన వానకీ ఇదే చిక్కు. 15వ తేదీ వర్షపాతం అంటే 14 ఉదయం 8:30 నుంచి 15 ఉదయం 8:30 వరకు పడింది. అందులో ఎక్కువ భాగం నిన్న పడిందే, దాన్ని "ఈరోజు కురిసిన వర్షం" అని చదవకండి.

ఇక మీ అసలు భయం. మోస్తరు, భారీ, అతి భారీ అనేవి వర్ణనలు కావు, కొలతలు. 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్లు పడితే మోస్తరు, 64.5 నుంచి 115.5 భారీ, 115.6 నుంచి 204.4 అతి భారీ, ఆపైన అత్యంత భారీ. వినసొంపుగా ఉందని "భారీ"ని "జోరు వానలు" అనో "కుండపోత" అనో మార్చారంటే సూచన మారినట్టే. చోట్ల సంగతీ అంతే, ఆ ప్రాంతంలో ఉన్న వర్షమాపక కేంద్రాల్లో పాతిక శాతం లోపు అయితే ఒకటి రెండు చోట్ల, 26 నుంచి 50 అయితే కొన్ని చోట్ల, అలా పెరుగుతూ 76 దాటితే దాదాపు అంతటా. వీటి జోలికి వెళ్లకండి, వాక్యాన్ని మాత్రం విరగ్గొట్టండి. మోస్తరు వానల మాట ఒక వాక్యంలో, భారీ వానల మాట ఇంకో వాక్యంలో పెట్టండి. రెండూ కలిపి చదివితే చెవికి చివరి "భారీ" ఒక్కటే మిగులుతుంది.

---

ఉప్పాడ గట్టు

మత్స్యకారుల హెచ్చరిక కోతపడుతోందని మీరే బాధపడటం చూసి రాయాలనిపించింది అండి. మా ఇంట్లో అందరూ వేటకి వెళ్లేవాళ్లే.

"వేటకు వెళ్లరాదు" అనే ఒక్క మాట చాలదు. ఒడ్డున ఉన్నవాళ్లు సరే, వెళ్లకుండా ఆగుతారు. ఇప్పటికే సముద్రంలో ఉన్నవాళ్ల సంగతేంటి? పెద్ద బోట్లు ఒకసారి వెళ్తే రోజుల తరబడి లోపలే ఉంటాయి. బులెటిన్‌లో మామూలుగా రెండూ ఉంటాయి, వెళ్లని వాళ్లు వెళ్లొద్దు, లోపలున్నవాళ్లు ఫలానా రోజు లోపు ఒడ్డుకి రావాలి అని. స్క్రిప్టు కుదించేటప్పుడు పోయేది ఈ రెండో ముక్కే. ఇంట్లో ఆడవాళ్లు రేడియోలో అది వింటే లోపలున్న బోటుకి ఎలాగో కబురు పంపే ప్రయత్నం చేస్తారు. కనుక దయచేసి రెండు వేర్వేరు వాక్యాలుగా రాయండి, తేదీతో సహా.

ఎక్కడ అన్నది కూడా ముఖ్యమే. "తీరం వెంబడి" అంటే తెప్ప మీద పొద్దున్న వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేవాడికి. "పశ్చిమ మధ్య బంగాళాఖాతంలో" అంటే లోపలికి వెళ్లే బోట్లకి. కొన్నిసార్లు గాలి లోపల ఎక్కువుంటుంది, తీరం దగ్గర మామూలుగానే ఉంటుంది. రెండూ కలిపేసి "సముద్రంలోకి ఎవరూ వెళ్లొద్దు" అని చదివితే చిన్న తెప్పవాడు ఊరికే ఒక రోజు కూలి పోగొట్టుకుంటాడు, అలా నాలుగుసార్లు జరిగిందంటే ఐదోసారి నిజమైన హెచ్చరిక వచ్చినా నమ్మడు. గాలి 45 కిలోమీటర్లు దాటుతుందనుకుంటేనే ఈ హెచ్చరిక ఇస్తారు, అంటే వచ్చిన ప్రతిదానికీ విలువ ఉంది. దాన్ని అరగదీయొద్దు.

అలల ఎత్తు గురించి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ) వేరేగా ఇస్తుంది, అది కూడా చూసుకోండి. మా దగ్గర తుఫాను దూరంగా ఉన్నా అలలు ముందే లేచి కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డు మీదికి వస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, ఆ రోజుల్లో హెచ్చరిక తీసేయొచ్చని మాత్రం అనుకోకండి. మోటారు లేని తెప్పలు అప్పుడు కూడా వెళ్తాయి.

---

ఎర్రనేల

కోస్తా వాళ్లు చెప్పారు, సీమ నుంచి నేనూ ఒక మాట చెప్తా.

బులెటిన్ మొత్తం "ఎక్కడ తీరం దాటుతుంది" అనే దాని చుట్టూ తిప్పకండి. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున వాయుగుండం తీరం దాటింది పుదుచ్చేరి, చెన్నై మధ్య. మనది కాదులే అనుకునే దూరం. కానీ వాన కురిసింది కడప, చిత్తూరు కొండల మీద. చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది అదే రోజు పొద్దున్నే, రాజంపేట వైపు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. 2024లోనూ అంతే, ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది, బుడమేరు వాగు పొంగి మునిగింది మాత్రం విజయవాడ. మీరు అక్కడే ఉన్నారు కాబట్టి నేను చెప్పక్కర్లేదు. ఈ రెండూ తుఫాన్లు కూడా కావు, వాయుగుండాలే. గాలి వేగం 62 కిలోమీటర్లు దాటితేనే తుఫాను అంటారు. ఆ పేర్లన్నీ గాలిని బట్టి పెట్టినవి, వానకి ఆ పేర్లతో పనిలేదు. అందుకే "బలహీనపడి వాయుగుండంగా మారింది" అని మొదటి వాక్యంలో చదివారంటే విన్నవాడు గండం గడిచిందనుకుంటాడు. ఆ మాట రాయాల్సి వస్తే దాని వెంటనే, అదే ఊపిరిలో, వాన ఇంకా ఎక్కడ ఎంత పడుతుందో ఉండాలి.

ఇంకోటి. మామూలు రోజుల్లో మా వంతు చివర్లో "రాయలసీమలో పొడి వాతావరణం" అని ఒక్క ముక్కతో అయిపోతుంది. అనంతపురం ఉమ్మడి జిల్లాలో ఏడాదంతా కలిపినా పడేది 550 మిల్లీమీటర్ల చుట్టూ. జూన్, జూలైలో వేరుశనగ విత్తనం చేతిలో పట్టుకుని కూర్చున్నవాడికి ఆ పొడి వాతావరణం ఎన్ని రోజులు అన్నదే కావాల్సింది. ఐదు రోజుల సూచన ఉంటుంది కదా, "వచ్చే శుక్రవారం దాకా చెప్పుకోదగ్గ వాన లేదు" అని వారం పేరు పెట్టి చెప్పండి. ఎక్కువ సెకన్లేమీ పట్టదు.

---

తెనాలి కల్లం

ఎర్రనేల అన్న చెప్పింది మా డెల్టాకీ వర్తిస్తుంది, కాకపోతే తిరగేసి. మాకు డిసెంబర్‌లో వాన లేని గంటలు కావాలి.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కొందరి వరి ఇంకా నిలబడే ఉంది, కొందరిది కోసి పనల మీద ఉంది, కొందరి ధాన్యం రోడ్డు పక్కన ఆరబోసి ఉంది. ఒకే వాన, మూడు రకాల రైతులు, ముగ్గురికీ చేయాల్సిన పని వేరు. కోయనివాడు ఆగాలి, పనల మీద ఉన్నవాడు కుప్ప వేసుకోవాలి, ఆరబోసినవాడు పట్టాలు కప్పుకోవాలి లేదా బస్తాలకెత్తాలి. "రైతులు తగిన జాగ్రత్తలు తీసుకోవాలి" అని చదువుతారు చూశారా, ఆ మాటకి ఖర్చయ్యే సెకన్లలోనే "కోసిన పనలు కుప్ప వేసుకోండి, కోయనివి నాలుగు రోజులు ఆపండి" అని చెప్పొచ్చు. ఆ సలహా మీరు సొంతంగా రాయక్కర్లేదు, మంగళవారం, శుక్రవారం వ్యవసాయ వాతావరణ సలహా బులెటిన్ వస్తుంది, అందులో పంటల వారీగా ఉంటుంది. అది కూడా పక్కన పెట్టుకోండి. ఫిబ్రవరి, మార్చిలో మిర్చి కల్లాల మీద ఉన్నప్పుడు తేలికపాటి వాన కూడా మాకు భారీయే, ఒక్క జల్లుకి కాయ మచ్చపడి రేటు పోతుంది. కాబట్టి "తేలికపాటి" అని ఉంది కదా అని ఆ సీజన్‌లో దాన్ని వదిలేయకండి.

నేను అడిగేది ఇంకోటి, టైమ్ చెప్పండి. మధ్యాహ్నం పడుతుందా, రాత్రి పడుతుందా? అది తెలిస్తే పొద్దున్న ఆరబోసుకుని మధ్యాహ్నానికి ఎత్తేస్తాం.

---

మబ్బుల లెక్క

తెనాలి అన్నా, మీ బాధ అర్థమైంది, కానీ బెజవాడ బులెటిన్ గారి మీద ఆ భారం పెట్టకండి. జిల్లా సూచన 24 గంటల మొత్తానికి ఇస్తారు. అందులో లేని గంటని స్క్రిప్టు రాసేవాళ్లు "మధ్యాహ్నం నుంచి" అని చేర్చారంటే అది ఊహ. మీరు దాన్ని నమ్మి పొద్దున్న ఆరబోస్తే, పది గంటలకే వాన వస్తే? గంటల లెక్కన ఉండేది వచ్చే మూడు గంటలకి ఇచ్చే తక్షణ సూచన. అది సాయంత్రం బులెటిన్‌లో ఇరికించేది కాదు, వచ్చిన వెంటనే పాటల మధ్యలో చదవాలి, ఏ గంట వరకు వర్తిస్తుందో కూడా చెప్పాలి. గడువు దాటిన తక్షణ సూచన మళ్లీ చదవడం చదవకపోవడం కంటే ప్రమాదం.

బెజవాడ గారూ, రెండు విషయాలు. రేడియోలో రంగు కనపడదు. "ఆరెంజ్ అలర్ట్ జారీ" అని ఊరుకుంటే ఏమీ చెప్పనట్టే. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే ఇక కదలండి. ఆ పనిమాట చదవండి, రంగు పేరు దాని వెనక. రెండోది పిడుగు. "ఉరుములు, మెరుపులతో కూడిన జల్లులు" అనేది విని విని చెవికి అలవాటైపోయింది, ఎవరూ ఉలిక్కిపడరు. మే, జూన్‌లో చెట్టు కింద ఆగిన గొర్రెల కాపర్లు, పొలంలో నాట్లేసే కూలీలు పోయేది ఆ జల్లుల్లోనే. అక్కడ "పిడుగులు" అనే మాట పెట్టండి, "ఉరుము వినపడగానే చెట్టు కింద నిలబడకుండా పక్కా ఇంట్లోకి వెళ్లండి" అనేది కలపండి. ఇది సూచన మార్చడం కాదు, ఉన్నదాన్ని పేరు పెట్టి చెప్పడం.

---

సీతమ్మధార

తుఫాను రోజు స్క్రిప్టు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. మిట్టమధ్యాహ్నం తుఫాను కన్ను విశాఖ మీదుగా వెళ్లింది. అప్పటిదాకా కిటికీలు ఊడబెరికిన గాలి ఉన్నట్టుండి ఆగింది. మా వీధిలో జనం బయటికొచ్చేశారు, విరిగిన చెట్లు చూసేవాళ్లు, బండి ఏమైందో చూసుకునేవాళ్లు. తర్వాత గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. తుఫాను తీరం దాటబోయే రోజు చదివే ప్రతి స్క్రిప్టులో ఈ వాక్యం ఉండాలి, "గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుఫాను వెళ్లిపోయిందనుకోకండి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి వీస్తుంది, మేము చెప్పేదాకా బయటికి రావద్దు." కరెంటు, ఫోన్లు పోయాక బ్యాటరీ రేడియో ఒక్కటే ఉన్న ఇల్లు ఉంటుంది. ఆ ఇంటికి మీ మాటే దిక్కు.

పేరు ఎలా పలకాలో కూడా ముందే కనుక్కోండి. మిచౌంగ్‌ని మిగ్‌జామ్ అని పలకాలని వాతావరణ శాఖే చెప్పింది, ఇప్పుడు పై రిప్లైలో కూడా రాసిన తీరు వేరు చూడండి. ఒక చానల్లో ఒకటి, ఇంకో చానల్లో ఇంకోటి వింటే రెండు తుఫాన్లు వస్తున్నాయా అని అడిగినవాళ్లున్నారు.

---

మూసీ ఒడ్డు

తెలంగాణలో ఇదే పని చేస్తున్నాను, చిన్నగా ఒకటి. మాకు 33 జిల్లాలు. జయశంకర్ భూపాలపల్లి, కుమురం భీం ఆసిఫాబాద్, మేడ్చల్ మల్కాజిగిరి అని జాబితా చదువుతూ పోతే సగం టైమ్ పేర్లకే పోతుంది, విన్నవాడికి తన జిల్లా వచ్చిందో లేదో కూడా గుర్తుండదు. మేము భారీ వాన ఉన్న జిల్లాల పేర్లు మాత్రం పూర్తిగా చదివి, మధ్యలో "మళ్లీ చెప్తున్నాం" అని రెండోసారి చదువుతాం. మిగతావాటిని ఉత్తర తెలంగాణ, దక్షిణ తెలంగాణ అని కలిపేస్తాం. వాక్యం మొదట్లోనే జిల్లా పేరు రావాలి, అది వినగానే మనిషి చెవి రిక్కిస్తాడు, ఆ తర్వాత వచ్చేది బుర్రకెక్కుతుంది. "భారీ వర్షాలు కురిసే జిల్లాలు ఏవనగా" అని మొదలుపెడితే అలా జరగదు.

---

బెజవాడ బులెటిన్

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు నాకు. పైన ఇచ్చిన ఉదాహరణనే మళ్లీ రాశాను, మత్స్యకారులు తిరిగి రావాల్సిన గడువు, రెండో రోజు సూచన బులెటిన్‌లో ఉన్నాయనుకుని. చూసి చెప్పండి:

"మత్స్యకారులకు ముఖ్య గమనిక. దక్షిణ కోస్తా తీరం వెంబడి గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో, అప్పుడప్పుడు 65 కిలోమీటర్ల వేగంతో గాలులు వీస్తాయి. ఒడ్డున ఉన్నవారు వేటకు వెళ్లవద్దు. సముద్రంలో ఉన్నవారు రేపు సాయంత్రంలోగా తప్పకుండా ఒడ్డుకు చేరుకోవాలి.

నెల్లూరు, తిరుపతి జిల్లాలు. ఈ రాత్రి నుంచి రేపు ఉదయం ఎనిమిదిన్నర వరకు ఒకటి రెండు చోట్ల భారీ వర్షం కురిసే అవకాశం ఉంది. మళ్లీ చెప్తున్నాం, నెల్లూరు, తిరుపతి జిల్లాలు. దక్షిణ కోస్తాలో మిగతా చోట, అనేక ప్రాంతాల్లో తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు పడొచ్చు. కోసిన వరి పనల మీద ఉంటే కుప్ప వేసుకోండి, ఆరబోసిన ధాన్యం మీద పట్టాలు కప్పుకోండి.

రాయలసీమలో కొన్ని చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు పడొచ్చు. ఉత్తర కోస్తాలో రేపు, ఎల్లుండి పొడి వాతావరణమే. నైరుతి బంగాళాఖాతంలో ఉన్న అల్పపీడనం ఈ వానలకు కారణం."

---

పాత మైక్

బాగుంది, చదవడానికి నోరు తిరుగుతోంది. మూడు చిన్న సవరణలు. "తప్పకుండా" తీసేయండి, బులెటిన్‌లో లేని ఒత్తిడి అది, గడువు చెప్పారు కదా చాలు. "రేపు సాయంత్రం" పక్కన వారం పేరు పెట్టండి, ఈ రికార్డింగే రేపు పొద్దున్న మళ్లీ వేస్తే "రేపు" కాస్తా ఎల్లుండి అవుతుంది. అన్నిటికంటే ముందు "మధ్యాహ్నం ఒంటి గంటకు వాతావరణ శాఖ ఇచ్చిన సూచన ప్రకారం" లాంటి మాట, అంటే అది ఇచ్చిన టైమ్, చేర్చండి. మీరు చదివేలోపు కొత్త బులెటిన్ వచ్చి ఉండొచ్చు. స్టూడియోలోకి వెళ్లే ముందు ఇంకోసారి సైట్ తెరిచి చూసుకోండి, తుఫాను రోజుల్లో మూడేసి గంటలకి మారుతుంది.